మనుషులు తప్పుకుంటే అడవైపోయే మైదానం

ఏప్రిల్ రాగానే సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ స్కాజిట్ వ్యాలీ ట్యూలిప్ తోటలతో నిండిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లకూ మొదట అదే చూపిస్తారు. ఇంకో మూడు నాలుగు వారాలు ఆగి, కారును ఉత్తరానికి కాకుండా దక్షిణానికి తిప్పి, ఒలింపియా దాటి లిటిల్‌రాక్ అనే చిన్న ఊరి దాకా వెళ్తే మరో రకం పూల మైదానం ఉంది. అక్కడ టికెట్ కౌంటరు ఉండదు, వరసలు తీర్చిన మడులు ఉండవు. మనిషెత్తు మట్టి తిన్నెలు వందలకొద్దీ పక్కపక్కనే లేచి ఉంటాయి. వాటి మీద ఎడమెడంగా గడ్డి దుబ్బులు, దుబ్బుల మధ్య నీలం పూలు. ఆ స్థలం పేరు మైమా మౌండ్స్. ఆ పూల పేరు కామస్.

తొలిసారి చూసినవాళ్లు ఎవరూ చెయ్యి పెట్టని ప్రకృతి ఇదే అనుకుంటారు. నిజానికి ఈ ప్రాంతపు గడ్డి మైదానాలు చాలావరకు అంతరించింది, చెయ్యి పెట్టేవాళ్లు లేకుండా పోయాకే. ఈ మెలిక అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి: కాపాడాల్సినవాళ్లే మైదానానికి ఏటా ఎందుకు నిప్పు పెడుతున్నారో, సైన్యం ఫిరంగులు పేల్చే చోట అరుదైన సీతాకోకచిలుకలు ఎలా మిగిలాయో, జైల్లో గొంగళిపురుగులు ఎందుకు పెంచారో, పూలు విరగబూస్తున్నా పని సగమే అయిందని ఎందుకు అనిపిస్తుందో.

ముందు నేల సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ కొండలకు పడమట వైపంతా వానల ప్రాంతం. ఊరికే వదిలేసిన ఏ ఖాళీ జాగా అయినా కొన్నేళ్లలో డగ్లస్ ఫర్ చెట్లతో నిండిపోతుంది. అలాంటి చోట గడ్డి మైదానం ఎందుకుంది? సగం జవాబు మంచులో ఉంది. సుమారు 16,000 ఏళ్ల కిందట ఉత్తరం నుంచి దిగిన హిమానీనదం సియాటిల్ ఉన్న చోట దాదాపు 3,000 అడుగుల మందాన పేరుకుని, ఒలింపియాకు కాస్త దక్షిణాన ఆగిపోయింది. అది కరిగినప్పుడు వరదలా పారిన నీళ్లు గులకరాళ్లనీ ఇసుకనీ పరిచి పోయాయి. ఆ రాళ్ల నేల నీటిని పట్టుకోదు. శీతాకాలమంతా వాన పడినా అది కిందికి జారిపోతుంది, జులై, ఆగస్టుల్లో ఇక్కడ వాన దాదాపు ఉండదు. అంటే తేమ ప్రాంతం మధ్యలో మెట్ట నేల అన్నమాట. చెట్టుకు కష్టం, గడ్డికీ దుంపలకీ పరవాలేదు.

మరి ఆ తిన్నెలు ఎలా వచ్చాయి అంటే, వాటి గురించి వాదన ఇంకా తెగలేదు. 1841లో చార్లెస్ విల్క్స్ నాయకత్వంలో వచ్చిన అమెరికా నౌకాదళ యాత్ర బృందం ఇవి సమాధులేమో అని కొన్నిటిని తవ్వించి చూసింది. లోపల రాళ్లు తప్ప ఏమీ దొరకలేదు. నేలలో బొరియలు చేసే గోఫర్ ఎలుకలే పోగేశాయని కొందరు, భూకంపాలని కొందరు, మంచు కరిగిన నీళ్ల పని అని ఇంకొందరు అంటారు. చూడ్డానికి వింతే, కానీ మన విషయానికి అది అంత ముఖ్యం కాదు.

ముఖ్యమైంది రెండో సగం జవాబు. గత కొన్ని వేల ఏళ్లలో ఇక్కడి వాతావరణం చల్లబడి తేమ పెరిగింది. రాళ్ల నేల అయినా సరే, ఒకసారి నాటుకున్న ఫర్ మొక్క నిలదొక్కుకోగలదు. దాని నీడలో ఇంకోటి, ఆ నీడలో మరోటి. అయినా అడవి కమ్మేయలేదంటే కారణం మంట. ఆ మంట ఎక్కువ భాగం పిడుగుల వల్ల వచ్చింది కాదు, మనుషులు పెట్టింది. నిస్క్వాలీ, చెహాలిస్, కౌలిట్జ్, ఇంకా స్క్వాక్సిన్ దీవి తెగలు, దక్షిణాన ఆరెగన్‌లో కలపూయా ప్రజలు వేసవి చివర్లో మైదానాలను ముక్కలు ముక్కలుగా కాల్చేవారు. 1826లో మొక్కల సేకరణ కోసం విల్లామెట్ లోయలో తిరిగిన డేవిడ్ డగ్లస్ తన గుర్రాలకు గడ్డి దొరక్క ఇబ్బంది పడ్డాడు. నేలంతా ఎందుకు కాల్చారని అడిగితే, జింకలు కాల్చని చోటికి మేతకు చేరితే వేట సులువని కొందరు, చలికాలానికి తేనె, మిడతలు ఏరుకోవడం తేలికని కొందరు చెప్పారని రాసుకున్నాడు. ఆ డగ్లస్ పేరే ఫర్ చెట్టుకు తగిలింది. ఆయన రాసుకున్న మంటలు ఆగిపోయాకే ఆ చెట్టు మైదానాలను మింగేసింది.

ఇంకో డగ్లస్ కూడా ఉన్నాడు, ఇతని పేరు జేమ్స్. బొచ్చు వ్యాపారం చేసే బ్రిటిష్ సంస్థ హడ్సన్స్ బే కంపెనీ మనిషి. ఇప్పుడు కెనడాలో ఉన్న విక్టోరియా నగరానికి స్థలం ఎంచుకున్నది ఇతనే. ఆ చోటు ఈడెన్ తోటలా ఉందని 1843లో ఒక ఉత్తరంలో మురిసిపోయాడు. చుట్టూ కారడవి, మధ్యలో ఓక్ చెట్లు, పచ్చిక, నీలం పూలు. దేవుడే తీర్చిదిద్దిన తోట అనుకున్నాడు పాపం. అది అక్కడి లెక్వుంగెన్ తెగ ఆడవాళ్లు తరాల తరబడి తవ్వి, కాల్చి, కలుపు తీసి నిలబెట్టుకున్న కామస్ చేను. దున్నిన చాళ్లు కనబడలేదు కాబట్టి చేను అని అతనికి తోచలేదు.

ఆ చేనులో పని ఎలా సాగేదో చెబుతాను, ఎందుకంటే ఈ మైదానాల పునరుద్ధరణ గురించిన గొడవంతా ఆ పని చుట్టూనే తిరుగుతుంది.

కామస్ మొక్క చూడ్డానికి గడ్డిపోచల గుత్తి లాంటిది. మధ్యలో నుంచి మోకాలి ఎత్తున ఒక కాడ లేస్తుంది. పూలు కింది నుంచి పైకి ఒక్కొక్క వరసే విచ్చుకుంటాయి, అంటే కింద కాయ కట్టేసరికి పైన ఇంకా మొగ్గలుంటాయి. ఆరు సన్నని రేకులు, మధ్యలో పసుపు పుప్పొడి. వంగి చూస్తే చాలా పూలలో ఐదు రేకులు ఒక వైపుకు సర్దుకుని, ఆరోది ఒంటరిగా కిందికి వాలి ఉంటుంది. నేలలో జానెడు లోపు లోతున గడ్డ, చిన్న ఉల్లిపాయంత. విత్తనం పడిన మొదటి ఏడాది దారప్పోగులాంటి ఒకే ఆకు వస్తుంది. పూత చూడాలంటే మూడు నుంచి ఐదేళ్లు ఆగాలి. వంశం రీత్యా ఇది మన శతావరి కుటుంబంలోది. అందులోనూ పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనారకు బాగా దగ్గరి చుట్టం. పూలను చూస్తే ఎవరూ నమ్మరు.

తవ్వేది ఆడవాళ్లే. గట్టి కర్రను చెక్కి, మొన నిప్పుల్లో కాల్చి గట్టిపరిచి, పైన జింక కొమ్మును అడ్డపిడిగా బిగించుకునేవారు. ఆ కర్రతో గడ్డిమట్టిని పెళ్లగా లేపి, పెద్ద గడ్డల్ని ఏరుకుని, చిన్నవాటిని అక్కడే వదిలి, పెళ్లను మళ్లీ తిప్పి కప్పేసేవారు. ఎండిన కాయలుంటే గింజల్ని ఆ గుల్ల మట్టిలోనే రాల్చేవారు. ఇలా చేస్తే నేల గుల్లబారుతుంది, రాళ్లు బయటికొస్తాయి, చిన్న గడ్డలకు ఎదగడానికి చోటు దొరుకుతుంది. విక్టోరియా చుట్టుపక్కల తెగల్లో ఫలానా చెలక ఫలానా కుటుంబానిది అని హద్దులుండేవి, అవి తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చేవి కూడా. కోత అయిపోయాక మంట. గడ్డలు నేలలో నిద్రలో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు. పైనున్న ఎండు గడ్డి, అప్పుడే మొలిచిన ఫర్ పిల్లలు బూడిదవుతాయి.

ఇందులో ప్రాణాపాయం ఉన్న పని ఒకటుంది. కామస్ మధ్యలోనే దాన్ని పోలిన ఇంకో మొక్క పెరుగుతుంది, డెత్ కామస్ అంటారు. పేరులోనే ఉంది చావు. పూత మీద ఉన్నప్పుడు తేడా స్పష్టం: దీని పూలు చిన్నవి, మీగడ రంగువి, కాడ కొసన ఒత్తుగా ఉంటాయి. పూత రాలిపోయాక ఆకూ గడ్డా చూసి చెప్పడం చాలా కష్టం. తవ్వకం ఎక్కువగా పూత చివర్లోనో ఆ తర్వాతో ఉంటుంది కాబట్టి, పూత సమయంలోనే తిరిగి ఈ తెల్లవాటిని గుర్తుపెట్టి పీకి పారేసేవారు. అంటే మనం ఈరోజు ఫొటోలు తీసుకుంటూ తిరిగే ఆ రెండు వారాలూ వాళ్లకు కలుపు తీసే రోజులు.

తవ్విన గడ్డను పచ్చిగా తింటే రుచీ పచీ ఉండదు, కడుపు ఉబ్బరం మాత్రం గ్యారంటీ. దానికి కారణం ఇనులిన్. మన ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ వేరులో ఉండేదీ ఇదే. మన పేగులు దీన్ని జీర్ణం చేసుకోలేవు, అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. అందుకని గొయ్యి పొయ్యి. నేలలో గొయ్యి తవ్వి, రాళ్లు పేర్చి, వాటి మీద మంట వేసి ఎర్రగా కాలనిచ్చేవారు. ఆ రాళ్ల మీద తడి ఆకులు, ఫెర్న్ మట్టలు పరిచి, గడ్డలు పోసి, మళ్లీ ఆకులు, ఆపైన మట్టి కప్పి, పైన కూడా మంట వేసేవారు. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ తడి ఆవిరిలో అంతసేపు మగ్గితే ఇనులిన్ విరిగి ఫ్రక్టోజ్ అవుతుంది, అంటే పండ్లలో ఉండే చక్కెర. తెల్లగా లోపలికెళ్లిన గడ్డ మెత్తగా, నల్లగా, తియ్యగా బయటికొస్తుంది. దంచి అచ్చులు చేసి ఎండబెడితే చలికాలమంతా నిలవ ఉంటుంది. తీరం నుంచి వచ్చే చేపలకు బదులుగా ఇచ్చే సరుకు కూడా అదే. చెరకు, తేనెటీగల పెంపకం లేని నేలలో తీపి అంటే ఏమిటో ఊహించుకోండి.

ఈ తిండి విలువ తెల్లవాళ్లకు ఆకలితోనే తెలిసింది. 1805 సెప్టెంబరులో, పసిఫిక్ తీరానికి దారి వెతుకుతూ బయల్దేరిన లూయిస్, క్లార్క్‌ల అమెరికా బృందం కొండలు దాటి, తిండి లేక సొమ్మసిల్లి, ఇప్పటి ఐడహోలోని వియిప్ మైదానానికి చేరితే నెజ్ పెర్స్ తెగవాళ్లు చేపలూ కామసూ పెట్టి బతికించారు. ఆత్రంగా తిన్నవాళ్లంతా కడుపు పట్టుకుని రోజుల తరబడి పడ్డారు. ఎండు చేపలు కూడా తిన్నారు కాబట్టి తప్పంతా కామస్ మీద వేయలేం. మరుసటేడు జూన్‌లో తిరుగు ప్రయాణంలో అదే మైదానం పూత మీద ఉండగా చూసి, దూరానికి మంచినీటి సరస్సులా ఉందని లూయిస్ రాసుకున్నాడు.

కామస్ ఒక్కటే అనుకోకండి. మైమా కాలిబాట పక్కన తల వంచుకుని ఉండే గోధుమ రంగు మచ్చల పువ్వు చాక్లెట్ లిల్లీ. దాని గడ్డ చుట్టూ బియ్యపు గింజల్లాంటి పిలకలు ఉంటాయి, ఉడికించి తినేవారు, కొంచెం చేదు. పసుపు గొడుగుల్లా పూసే లొమేషియం జాతుల వేర్లు తిండికి. తెల్ల యారో ఆకు గాయాలకూ జలుబుకూ. అడవి స్ట్రాబెర్రీ సంగతి చెప్పక్కర్లేదు. అంచుల్లో ఉండే గ్యారీ ఓక్ చెట్ల కాయలను నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి తినేవారు. విల్లామెట్ లోయలో కలపూయా వాళ్లు టార్‌వీడ్ అనే జిగురు మొక్కను మంటతోనే లొంగదీశారు: నిప్పు పెడితే జిగురు పోతుంది, గింజలు వేగినట్టవుతాయి, దులుపుకుంటే సరి. ఒకే మంట జింకలకు మేత, ఓక్ చెట్టుకు వెలుతురు, గింజలకు వేపుడు, కామస్‌కు ఖాళీ చోటు ఇచ్చేది.

ఇదంతా ఎలా పోయింది? తొందరగానే. మశూచి 18వ శతాబ్దం చివరికే తీరమంతా పాకింది. 1830 తర్వాత మూడు నాలుగేళ్లలో మలేరియా విల్లామెట్ లోయలో కలపూయా ప్రజల్లో అత్యధికుల్ని తుడిచిపెట్టింది. మంట పెట్టే చేతులే తగ్గిపోయాయి. ఉత్తరాన 1833లో హడ్సన్స్ బే కంపెనీ ఫోర్ట్ నిస్క్వాలీ కట్టి, తర్వాత మైదానాల్లో వేలకొద్దీ గొర్రెల్నీ పశువుల్నీ దింపింది. సెటిలర్లు తెచ్చిన పందులు మరీ ఘోరం, అవి కామస్ గడ్డల్ని నేల నుంచి పెళ్లగించి తింటాయి. ఐడహోలోని కామస్ ప్రెయిరీని (ప్రెయిరీ అంటే గడ్డి మైదానం) పశువులూ పందులూ పాడుచేయడం, 1878లో బానక్ తెగకూ అమెరికా సైన్యానికీ జరిగిన యుద్ధానికి ఒక ముఖ్య కారణం. గడ్డ కోసం యుద్ధమా అనిపించవచ్చు. ఒకరి పండిన పొలంలోకి మంద తోలితే ఎలా ఉంటుందో తెలిసిన ఊళ్లవాళ్లకు ఆ ప్రశ్న రాదు.

1854 డిసెంబరు 26న మెడిసిన్ క్రీక్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ నిస్క్వాలీ, పుయాలప్ తదితర తెగల నుంచి భూమి తీసుకున్నాడు. ప్రతిగా ఇచ్చిన హామీల్లో ఒకటి, ఎవరూ స్వాధీనం చేసుకోని బహిరంగ భూముల్లో వేటాడుకునే, దుంపలూ పండ్లూ సేకరించుకునే, గుర్రాలు మేపుకునే హక్కు. చదవడానికి ఉదారంగానే ఉంది. చిక్కంతా "ఎవరూ స్వాధీనం చేసుకోని" అన్న షరతులో ఉంది. చదునుగా, చెట్లు లేకుండా ఉన్న మైదానాలనే కదా సెటిలర్లు ముందు స్వాధీనం చేసుకునేది! నిస్క్వాలీలకు మొదట కేటాయించిన భూమి నదికీ మైదానానికీ దూరంగా ఉన్న అడవి గుట్ట. దాని మీదే 1855, 56ల్లో యుద్ధం జరిగింది. 1857లో హద్దులు మార్చి నదికి ఇరువైపులా కొంత మైదానం కలిపి 4,717 ఎకరాలు ఇచ్చారు. నిస్క్వాలీ నాయకుడు లెషైని మాత్రం 1858 ఫిబ్రవరిలో ఉరితీశారు. ఆయన నిర్దోషి అని 2004లో ఒక ప్రత్యేక చారిత్రక న్యాయస్థానం చెప్పింది. ఆ ఇచ్చిన భూమిలో కూడా సుమారు 3,300 ఎకరాలను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, సైనిక శిబిరం కోసం లాక్కున్నారు. అదే ఇప్పటి జాయింట్ బేస్ లూయిస్ మెకార్డ్‌లో కలిసి ఉంది. టకోమా, ఒలింపియాల మధ్య ఐ-5 హైవే మీద వెళ్లే ప్రతి కారూ దాని పక్కనుంచే పోతుంది.

మంటలు ఆగాక ఫర్ చెట్లు వచ్చాయి. వాటికి తోడు స్కాచ్ బ్రూమ్. 1850లో వాంకూవర్ దీవిలో స్థిరపడిన వాల్టర్ గ్రాంట్ అనే స్కాట్లాండ్ కెప్టెన్ సొంత ఊరి మీద బెంగతో దీని గింజలు చల్లాడని, మొలిచింది మూడేనని చెప్తారు. తర్వాత రోడ్ల గట్లు జారిపోకుండా కూడా నాటారు. ఇప్పుడు మే నెలలో ఐ-5 పక్కన పసుపుపచ్చగా విరగబూసి అందరూ బాగుంది అనుకునే పొద ఇదే. దీని గింజ నేలలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. పైగా ఇది పప్పుజాతి మొక్క, నత్రజనిని నేలలో కూడబెడుతుంది. మన రైతుకు అది వరమే, కానీ ఇక్కడి మొక్కలు బీద నేలకు అలవాటు పడ్డవి. నేల బలిస్తే బయటి నుంచి వచ్చిన గడ్డి జాతులు పైచేయి సాధిస్తాయి. సియాటిల్ నుంచి ఒలింపియా దాకా చొచ్చుకొచ్చిన సముద్రపాయ ప్యూజెట్ సౌండ్, దాని దక్షిణ ప్రాంతంలో ఒకప్పుడు దాదాపు లక్షన్నర ఎకరాల ప్రెయిరీ ఉండేదని అంచనా. అందులో స్థానిక మొక్కలు ఎక్కువగా ఉన్న భాగం ఇప్పుడు మూడు శాతం.

ఆ మూడు శాతంలో మేలైనవి ఎక్కడున్నాయో ఊహించండి. నిస్క్వాలీల దగ్గర లాక్కున్న భూమి కూడా కలిసి ఉన్న ఆ సైనిక స్థావరంలో, ఫిరంగి గుండ్లు పడే మైదానంలో. అక్కడ ఇళ్లు కట్టరు, దున్నరు. గుండు పడ్డప్పుడల్లా గడ్డి అంటుకుంటుంది, కాబట్టి మంటలు కూడా ఆగలేదు. పాత పద్ధతిలో బుద్ధిగా పెట్టిన మంటలు కావవి, అయినా గడ్డికి ఆ తేడా తెలియదు. టేలర్స్ చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక ఈ ప్రాంతంలో చివరికి మిగిలింది అక్కడే. మైదానాన్ని లాక్కున్నవాళ్లే దాన్ని పొరపాటున కాపాడారు. ఇందులో సంతోషించాల్సింది ఎంతో, కోప్పడాల్సింది ఎంతో ఎవరి లెక్క వాళ్లది.

ఇక పునరుద్ధరణ. వినడానికి విత్తనాలు చల్లడంలా ఉంటుంది కానీ విత్తనం చివరి పని. ముందు ఫర్ చెట్లు కొట్టేయాలి, బ్రూమ్‌ను కోయాలి. వేసవి చివర్లో గాలి, తేమ, పొగ ఎటు పోతుందో అన్నీ చూసుకుని, అనుమతులు తీసుకుని, చుట్టూ నీళ్ల ట్యాంకర్లు పెట్టుకుని, మంట దాటిపోకుండా ముందు గాలికి ఎదురుగా ఒక అంచు కాల్చి నల్ల గీత సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే అసలు మంట. ఒకే ఏడు మొత్తం కాల్చరు, కాలిస్తే అందులో ఉన్న పురుగుల గుడ్లు, గొంగళిపురుగులు అన్నీ పోతాయి. కాలిన కొన్ని వారాలకు బయటి గడ్డి ముందుగా చిగురిస్తుంది, స్థానిక మొక్కలు ఇంకా నిద్రలోనే ఉంటాయి. ఆ సందులో కలుపు మందు కొడతారు. తర్వాత శరదృతువులో విత్తనం. ఆ విత్తనం కూడా బజార్లో దొరికేది కాదు, దాని కోసమే విడిగా చేలు పెంచాలి. ఇదంతా చేసి, రెండు మూడేళ్లు వదిలేస్తే మళ్లీ మొదటికే.

ఫలితాలు లేవా అంటే ఉన్నాయి. గోల్డెన్ పెయింట్‌బ్రష్ అనే పసుపు పూల మొక్క 1997లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కి, 2023లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఇది విచిత్రమైన మొక్క, పచ్చని ఆకులుండి సొంతంగా వండుకోగలిగినా, పక్క మొక్కల వేళ్లలోకి తన వేళ్లు దూర్చి నీళ్లూ పోషకాలూ లాక్కుంటుంది. అందుకని దీన్ని నాటేటప్పుడు పక్కన ఎవరుండాలో కూడా చూసి నాటాలి. చెకర్‌స్పాట్ గొంగళిపురుగులు ఈ పెయింట్‌బ్రష్ జాతులను తింటాయి. 2011 నుంచి చాలా ఏళ్లు మిషన్ క్రీక్ మహిళా జైలులోని ఖైదీలు శిక్షణ తీసుకుని వీటిని గుడ్ల దశ నుంచి పెంచి, మైదానాల్లో వదలడానికి ఇచ్చారు. అవి తినే ఇంకో ఆకు ప్లాంటెయిన్ (కూర అరటి కాదు), అది యూరప్ నుంచి వచ్చిన కలుపు. స్థానిక మొక్కలు పోయాక ఆ కలుపే వాటిని బతికించింది. కాబట్టి బయటి మొక్క కనబడితే పీకెయ్ అనే సులువైన సూత్రం ఇక్కడ చెల్లదు.

నాకు అసలు చిక్కుగా అనిపించేది కలుపు మందు. సీతాకోకచిలుక కోసం, పూల కోసం మైదానం చేస్తుంటే దాన్ని తక్కువ మోతాదులో, సరైన సమయంలో కొట్టడం సమంజసమే. కానీ ఆ నేలలోని గడ్డ తవ్వుకుని పిల్లలకు పెట్టాలనుకునే అమ్మమ్మ దృష్టితో చూడండి. ఏ మూల ఏ ఏడు మందు కొట్టారో తెలియని చేలోంచి ఆమె ఏం తవ్వుకుంటుంది? జాతుల పట్టికలో కామస్ పక్కన టిక్కు పడుతుంది. తిండిగా మాత్రం అది ఇంకా తిరిగి రానట్టే.

రెండో చిక్కు చట్టం. రక్షిత ప్రాంతాల్లో మొక్క పీకడం నేరం, అది ఉండాల్సిందే, లేకపోతే వారాంతానికల్లా అంతా ఊడ్చుకుపోతారు. అయితే తవ్వకమే ఈ మొక్కకు సేద్యం అని పైన చూశాం. ముట్టుకోవద్దు అన్న బోర్డు మంటను తిరిగి తెచ్చింది, తవ్వుకర్రను తేలేదు. చేపల విషయంలో మెడిసిన్ క్రీక్ లాంటి ఒప్పందాల మీదే 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చి, వాడుక స్థలాల్లో పట్టదగిన చేపల్లో సగం వాటా తెగలదని తేల్చాడు. దుంపలకు అంతటి తీర్పు ఏదీ లేదు. 2016లో నేషనల్ పార్క్ సర్వీస్ ఒక నిబంధన తెచ్చింది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న తెగలు పార్కుతో ఒప్పందం చేసుకుని సంప్రదాయ అవసరాలకు మొక్కలు సేకరించుకోవచ్చు. మంచి అడుగే. కానీ ప్యూజెట్ సౌండ్ మైదానాల్లో ఎక్కువ భాగం నేషనల్ పార్కుల కింద లేవు. రాష్ట్రం, కౌంటీ, సైన్యం, ప్రైవేటు ట్రస్టులు, ఇలా ఒక్కో ముక్క ఒక్కొక్కరిది. ప్రతి గేటు దగ్గరా వేరే మాట్లాడుకోవాలి.

ఇదేదో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. నంద్యాల జిల్లా రోళ్లపాడు సంగతి తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడి గడ్డి భూమిని అభయారణ్యం చేశారు. ఆ పిట్ట బతికింది కంచె లోపలి గడ్డితో పాటు కంచె బయటి జొన్న చేలూ మేత బీళ్లూ కలిసిన ప్రపంచంలో. బయట కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, లోపల మేత ఆగి గడ్డి తీరు మారింది, పిట్ట కనుమరుగైంది. మన రికార్డుల్లో గడ్డి భూమి ఇప్పటికీ బంజరు కిందే జమ. చెట్లు నాటితే బాగుపడినట్టు, ఖాళీగా ఉంటే పాడైనట్టు లెక్క. మైమా దగ్గర చెట్లు నరకడమే సంరక్షణ అని చెబితే మనవాళ్లు ముందు నమ్మరు.

వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. మైమా మౌండ్స్ రాష్ట్ర సహజ వనరుల శాఖ చేతిలో ఉంది, విస్తీర్ణం 637 ఎకరాలు. సియాటిల్ నుంచి ఐ-5 మీద ట్రాఫిక్ లేకపోతే గంటన్నర లోపే. కారుకు డిస్కవర్ పాస్ (రాష్ట్ర భూముల్లో కారు ఆపేందుకు కొనే అనుమతి) ఉండాలి, పెంపుడు కుక్కల్ని తీసుకురాకూడదు. ముందు భాగంలో సిమెంటు గుమ్మటం ఒకటి, దాని దగ్గర్నుంచి చిన్న తారు బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది కాబట్టి పెద్దవాళ్లతో ఇబ్బంది లేదు. దగ్గర్లోనే ఉన్న గ్లేషియల్ హెరిటేజ్ ప్రెయిరీ మామూలు రోజుల్లో మూసే ఉంటుంది. మే నెలలో ఒక రోజు ప్రెయిరీ అప్రీసియేషన్ డే పేరిట తెరుస్తారు, మైదానం బాగు చేసేవాళ్లే అక్కడ నిలబడి ఓపికగా చూపిస్తారు. తేదీ ముందే చూసుకోండి. రెండిట్లో ఒక్కటే కుదిరితే నేనైతే దానికే ఓటేస్తాను.

కామస్ ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా. నీలాల మధ్య మీగడ రంగు గుత్తి కనబడితే అది డెత్ కామస్ అయి ఉండొచ్చు, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. జూన్‌కు పసుపు పూలు మిగులుతాయి. జులై చివర్లో వెళ్తే ఎండిన గడ్డి తప్ప ఏమీ ఉండదు, ఇంత దూరం దీనికోసమా అని ఇంట్లోవాళ్లు తిడతారు. సెప్టెంబరులో ఆ దారిన వెళ్తుంటే పొగ కనిపించవచ్చు, నల్లగా కాలిన నేలా కనిపించవచ్చు. కంగారు పడి 911కు ఫోన్ చేసే ముందు రోడ్డు పక్కన "కంట్రోల్డ్ బర్న్" బోర్డు ఉందేమో చూడండి.